పైలట్ సద్దిమూట: ఫ్లైట్ బ్యాగులో ఏముంటుంది, కూలర్ ఎన్ని గంటలు ఆగుతుంది

మా మేనల్లుడు ఎయిర్‌లైన్లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా చేరిన కొత్తలో, మహబూబ్‌నగర్‌లో మా అక్క ఇంటికి ఎవరొచ్చినా ఒకటే అడిగేవాళ్లు. "ఏందమ్మా, ఇమానం నడిపేటోనికి ఇమానంల అన్నం పెట్టరా? నువ్వెందుకు సద్ది కట్టి పంపుతున్నవ్?"

పెడతారు. అయినా చాలామంది పైలట్లు ఇంటి నుంచి డబ్బా పట్టుకునే పోతారు. అందుకోసం ప్రత్యేకంగా కూలర్ బ్యాగులు అమ్ముతారు, వాటి పక్కనే వేలకు వేలు పోసే ఫ్లైట్ బ్యాగులు ఉంటాయి. ఉద్యోగం వచ్చిన మొదటి నెలలో ఏది కొనాలో తెలియక మావాడు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఒకరు చక్రాలున్నది కొనమంటారు, ఒకరు భుజాన వేసుకునేది మేలంటారు. ఒక కంపెనీ తన కూలర్ పన్నెండు గంటలు ఆగుతుందంటుంది, ఇంకో కంపెనీ ఇరవై నాలుగంటుంది.

2025 డిసెంబర్ మొదటి వారంలో దేశమంతటా వేలాది విమానాలు రద్దయినప్పుడు 'ఎఫ్‌డీటీఎల్' అనే మాట టీవీల్లో మారుమోగింది. పైలట్ ఎన్ని గంటలు డ్యూటీ చేయొచ్చు, ఎంత విశ్రాంతి తీసుకోవాలి అని మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన నియమాలవి. వారానికి 36 గంటలున్న విశ్రాంతిని 48కి పెంచారు, రాత్రివేళ ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించారు. అలా పైలట్ రోజు ఎన్ని గంటలదో జనానికి కొంత తెలిసింది. ఆ గంటల్లో అతను ఏం తింటాడు, ఎక్కడ తింటాడు, ఆ తిండి అప్పటిదాకా ఎలా ఉంటుంది అన్నది మాత్రం ఎవరూ మాట్లాడలేదు. బ్యాగు, కూలర్ల గొడవంతా ఉన్నది అక్కడే.

మూడు బ్యాగులు, మూడు పనులు

పైలట్ చేతిలో కనిపించే సామానంతా ఒక్కటే అనుకుంటాం గానీ, అందులో మూడు రకాలున్నాయి. చక్రాల పెట్టె బట్టలకు. రాత్రి వేరే ఊళ్లో ఉండాల్సి వస్తేనే దానితో పని. ఫ్లైట్ బ్యాగు కాక్‌పిట్‌లో సీటు పక్కన ఉండేది. లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, హెడ్‌సెట్, టార్చి, మెరిసే పసుపుపచ్చ జాకెట్, పెన్నులు, ట్యాబ్లెట్, ఛార్జర్ అందులో ఉంటాయి. కళ్లద్దాలు పెట్టుకునేవారైతే ఇంకో జత తప్పనిసరిగా దగ్గరుండాలి. చలువ కళ్లద్దాల్లో పోలరైజ్డ్ రకాన్ని పైలట్లు దూరం పెడతారు. ఆ అద్దాల్లోంచి చూస్తే కొన్ని స్క్రీన్లు నల్లగా కనిపిస్తాయి మరి.

మూడోది కూలర్, అంటే తిండి సంచి.

లిస్టులో ఉండకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. మౌత్‌వాష్ సీసా అందులో ఒకటి. డ్యూటీకి 12 గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదు, ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్ కూడా వాడకూడదని డీజీసీఏ నియమం. బ్రెత్ అనలైజర్‌లో ఊదాలి కదా. మొన్న దసరాకు మా బావ కల్లు లొట్టి దించితే మావాడు సల్ల గ్లాసు పట్టుకొని ఓ మూలన కూర్చున్నాడు, తెల్లారి డ్యూటీ అని.

కాగితాల పెట్టె ఎటు పోయింది

పాత ఫొటోల్లో పైలట్ చేతిలో నల్లటి తోలుపెట్టె ఉంటుంది, లాయర్ల పెట్టెలాగా. అందులో ఉండేవి కాగితాలే. ఏ విమానాశ్రయంలో ఎటునుంచి దిగాలి, ఏ కొండ ఎంత ఎత్తుంది, ఏ రేడియో ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలి అని చెప్పే చార్టులు. అమెరికాలో ఎల్రీ జెప్పెసన్ అనే పైలట్ తన సొంత నోటు పుస్తకంలో రాసుకున్న వివరాలనే 1934లో అమ్మకానికి పెట్టాడు. తర్వాత ప్రపంచంలో చాలామంది పైలట్లు ఆ చార్టులే వాడారు. పాత పేజీ తీసి కొత్తది పెట్టడం పైలట్లకు ఇంటిపనిలా ఉండేది.

ఆ పెట్టె 16 కిలోలదాకా తూగేది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2013లో వాటి స్థానంలో ఐప్యాడ్లు ఇచ్చింది. దానివల్ల ఏడాదికి నాలుగు లక్షల గ్యాలన్ల ఇంధనం, పన్నెండు లక్షల డాలర్లు మిగులుతాయని లెక్క చెప్పింది. రెండు పెట్టెలకే అంతా అని అనుమానం వస్తుంది. మోటు లెక్క ఒకటుంది: విమానంలో అదనంగా మోసే బరువులో గంటకు సుమారు 3 శాతం ఇంధనంగా కాలిపోతుంది. ఇద్దరు పైలట్ల పెట్టెలు 32 కిలోలైతే గంటకు దాదాపు ఒక కిలో ఇంధనం. ఒక్క విమానానికి ఇది ఏ మూలకూ రాదు. రోజుకు వందల విమానాలు, ఒక్కోటి పది గంటలు ఎగిరితే అదే కొండంత అవుతుంది.

ఈ ట్యాబ్లెట్‌ను ఎలక్ట్రానిక్ ఫ్లైట్ బ్యాగ్ అంటారు. పేరులో బ్యాగు మిగిలింది, బరువు పోయింది. ఇప్పుడు పైలట్ బ్యాగులో అన్నిటికంటే బరువైనవి నీళ్ల సీసా, తిండి డబ్బా. అంటే కాగితాల కోసం తయారైన పెట్టె ఆకారాన్నే తిండి మోయడానికి వాడుతున్నాం. నిలువుగా, గట్టిగా, పైనుంచి తెరుచుకునే ఆ ఆకారం చార్టుల పుస్తకాలకు సరిపోయేది. కొత్త బ్యాగులు సన్నబడుతున్నది అందుకే. అయినా పెద్దది కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. జాగా ఉంటే సామాను పెరుగుతుంది, ఇంట్లో అటక సంగతి మనకు తెలియనిదా.

సీటు పక్కన జానెడు జాగా

ఎయిర్‌బస్ 320లో పైలట్ ముందు స్టీరింగ్ ఉండదు. విమానం తిప్పే కర్ర సీటు పక్కన ఉంటుంది, ముందు లాగితే వచ్చే చిన్న బల్ల ఉంటుంది, దాని మీద పెట్టుకొని తినొచ్చు. బోయింగ్ 737లో ముందంతా కంట్రోల్ కాలమ్, అంటే స్టీరింగ్ లాంటి పిడి ఉన్న కడ్డీ, కాబట్టి పళ్లెం ఒళ్లోనే. హైదరాబాద్ నుంచి చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్‌లోనూ అదే పరిస్థితి, పైగా కాక్‌పిట్ ఇంకా ఇరుకు. ఎయిర్‌బస్ పైలట్ మెచ్చుకున్న బ్యాగు ఏటీఆర్ పైలట్‌కు అడ్డం కావచ్చు. ఒకే బ్యాగు గురించి ఇద్దరు అనుభవజ్ఞులు రెండు రకాలుగా చెబుతుంటే చాలాసార్లు ఇద్దరిదీ నిజమే. వాళ్లు నడిపే విమానాలు వేరు, అంతే.

బ్యాగు నిటారుగా నిలబడాలి, జిప్పు మూసి ఉండాలి, వస్తువు బయట పడి ఉండకూడదు అని శిక్షణలో పదే పదే చెబుతారు. అది చాదస్తంగా అనిపిస్తే 2014 ఫిబ్రవరి 9న బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన వోయేజర్ విమానంలో జరిగింది చూడాలి. అది ఎయిర్‌బస్ 330 రకం. కెప్టెన్ కెమెరా ఒకటి సీటు చేతికీ, పక్కనున్న కంట్రోల్ కర్రకూ మధ్య ఇరుక్కుంది. సీటు ముందుకు జరిపేసరికి కెమెరా కర్రను ముందుకు తోసింది. 198 మంది ఉన్న విమానం అర నిమిషం లోపే 4,400 అడుగులు కిందికి దూకింది. కొందరికి దెబ్బలు తగిలాయి, ప్రాణాలు పోలేదు. ఆ కెమెరా జాగాలో స్టీలు టిఫిన్ డబ్బాను ఊహించుకోండి.

ద్రవాలది ఇంకో తరహా తలనొప్పి. 2019 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మెక్సికో వెళ్తున్న ఓ ఎయిర్‌బస్ 330లో కాఫీ ఒలికి రేడియో ప్యానెల్ కాలింది. విమానాన్ని ఐర్లండ్‌కు మళ్లించాల్సి వచ్చింది. ఏడాది తర్వాత, 2020 ఫిబ్రవరిలో, యూరప్ విమాన భద్రతా సంస్థ ఎయిర్‌బస్ 350 కాక్‌పిట్‌లో మధ్య ప్యానెల్ చుట్టూ ద్రవాలు ఉంచకూడని జాగాను గుర్తించి నియమం పెట్టింది. అంతకు ముందు ఒలికిన పానీయాల వల్ల గాల్లో ఇంజిన్ ఆగిపోయిన ఘటనలు జరిగాయి. మన దగ్గర 2023 హోలీ రోజు ఢిల్లీ నుంచి గువాహటి వెళ్లే విమానంలో మధ్య ప్యానెల్ మీద కాఫీ కప్పు పెట్టి, చేతుల్లో కజ్జికాయలతో ఉన్న ఫొటో బయటికి వచ్చాక ఇద్దరు పైలట్లను డ్యూటీ నుంచి తప్పించారు. పచ్చిపులుసు సీసా సంగతి చెప్పక్కర్లేదు. కారే తిండి ఎంత రుచిగా ఉన్నా కాక్‌పిట్‌లో అది తిండి కంటే ముందు ద్రవం.

కూలర్ చల్లబరచదు

మన ఊళ్లో కూలర్ అంటే కిటికీకి బిగించే డబ్బా. గడ్డి తడిసి, ఫ్యాను తిరిగి, గాలి చల్లబడుతుంది. అదే పేరు ఈ సంచికి కూడా పెట్టడంతో ఒక పొరపాటు అభిప్రాయం వచ్చేసింది. ఈ సంచి దేన్నీ చల్లబరచదు. బయటి వేడి లోపలికి రావడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. లోపల వేడి వస్తువు పెడితే ఆ వేడి బయటికి పోవడాన్నీ అంతే శ్రద్ధగా ఆలస్యం చేస్తుంది.

మా అక్క మొదట్లో చేసిన తప్పు ఇదే. తెల్లవారుజామున వేడి అన్నం డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఖరీదైన కూలర్‌లో పెట్టి, పక్కన ఒక చిన్న ఐస్ ప్యాక్ ఉంచేది. పది గంటలకు తీస్తే ఐస్ నీళ్లయ్యేది, అన్నం గోరువెచ్చగా ఉండేది. ఆ గోరువెచ్చదనమే అసలు ప్రమాదం. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయి. వండిన తిండి అయితే 60కి పైన ఉండాలి, లేదంటే 5కు కింద ఉండాలి. మధ్యలో రెండు గంటలకు మించి ఉంచొద్దని, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటకు మించొద్దని ఆహార భద్రత నిపుణులు చెబుతారు.

అన్నానికి ప్రత్యేకంగా ఒక శత్రువు ఉంది, బ్యాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా. బియ్యంలో దాని బీజాలు ఉంటాయి, ఉడికించినా కొన్ని చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. "విమానంలో వేడి చేసుకుంటా కదా" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. పైగా కొన్ని బడ్జెట్ ఎయిర్‌లైన్ల విమానాల్లో ఓవెనే ఉండదు.

అరకిలో ఐస్ ఎన్ని గంటలు: ఒక లెక్క

ఒక గ్రాము ఐస్ కరగడానికి 80 క్యాలరీల వేడి కావాలి. ఒక గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక క్యాలరీ చాలు. పదో తరగతి ఫిజిక్స్ ఇది. దీంతో కూలర్ లెక్కంతా తేలిపోతుంది.

అరకిలో ఐస్ ప్యాక్ ఉందనుకుందాం. అది పూర్తిగా కరిగేలోపు 40 కిలో క్యాలరీల వేడి మింగుతుంది. సంచిలో కిలో తిండి ఉంది. సంచి గోడల గుండా, జిప్పు సందుల గుండా గంటకు 5 కిలో క్యాలరీల వేడి చొరబడుతుందనుకుందాం. తిండిని రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి 5 డిగ్రీలకు తెచ్చి ఉంటే, ఐస్ అంతా చొరబడే వేడికే ఖర్చవుతుంది. 40ని 5తో భాగిస్తే ఎనిమిది గంటలు.

అదే తిండిని గది వేడిలో, 30 డిగ్రీల దగ్గర పెట్టారనుకోండి. దాన్ని 5కు దించడానికే సుమారు 25 కిలో క్యాలరీలు పోతాయి. మిగిలింది 15, అంటే మూడు గంటలు. సంచి అదే, ఐస్ అదే, ధర అదే. ఎనిమిది గంటలు మూడయ్యాయి. కంపెనీలు చెప్పే పన్నెండు, ఇరవై నాలుగు గంటలన్నీ ముందే చల్లబడిన వస్తువులు, నిండా ఐస్, తెరవని మూత ఉన్నప్పటి మాటలు. అబద్ధం కాదు గానీ మన వంటింటి నిజమూ కాదు.

ఇంకో మెలిక ఉంది. చొరబడే వేడి, లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి పెరుగుతుంది. కాక్‌పిట్‌లో 25 డిగ్రీలు, సంచి లోపల 5 అయితే తేడా 20. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో 45 డిగ్రీలుంటే తేడా 40. వేడి రెండింతల వేగంతో వస్తుంది, గంటకు 10 కిలో క్యాలరీలు. కారులో గంటన్నర ఉంటే, కాక్‌పిట్‌లో మూడు గంటలకు సరిపడే ఐస్ అక్కడే కరిగిపోతుంది.

ఇక సంచి సంగతి. వేడిని ఆపేది లోపలున్న ఫోమ్. 5 మిల్లీమీటర్ల ఫోమ్‌కూ 10 మిల్లీమీటర్ల ఫోమ్‌కూ దాదాపు రెండింతల తేడా ఉంటుంది. లోపల మెరిసే వెండి రేకును చూసి మోసపోతాం గానీ దాని పాత్ర తక్కువ. సన్నటి సంచికి ఎంత మెరుపున్నా సన్నటి సంచే. జిప్పు సందుల్లోంచి కూడా వేడి వస్తుంది. మా కూలర్ ఒకటి అడుగున నీళ్లు కారుతుంటే మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ దగ్గర బ్యాగులు కుట్టే ఆయనకు చూపించా. రేకు ఎక్కడా చిరగలేదు. "సార్, గీ కుట్టు బొక్కలకెళ్లే కారుతున్నయ్ నీళ్లు" అన్నాడు, సూది దూరిన వరసను వేలితో చూపిస్తూ. లోపలి పొరను కుట్టకుండా వేడితో అతికించిన సంచులు ఎందుకు ఎక్కువ ధర పలుకుతాయో ఆయన ఒక్క ముక్కలో చెప్పినట్టయింది.

జెల్ ప్యాక్‌లో మాయ లేదు, ఎక్కువ భాగం నీళ్లే. చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి ప్యాక్ తిండికి పైన ఉంటే మేలు. ఊరి ఆరోగ్య కార్యకర్తలు పోలియో చుక్కలు తెచ్చే నీలి డబ్బా చూసే ఉంటారు. అందులో నాలుగు వైపులా నాలుగు ఐస్ ప్యాకులు, మధ్యలో మందు, మందపాటి గోడలు, బిగుతైన మూత. 2 నుంచి 8 డిగ్రీల మధ్య రోజంతా ఉంచడానికి అన్ని హంగులు కావాలి. పైలట్ సంచిలో ఒక మూలన పడేసిన ఒక్క ప్యాక్ నుంచి అదే పని ఆశించడం అత్యాశే. సల్ల ప్యాకెట్‌ను గడ్డకట్టించి ఐస్ బదులు పెట్టేవాళ్లు కొందరున్నారు, కరిగాక తాగేస్తారు. మోసిన బరువు దండగ కాదు. నాకు నచ్చిన ఉపాయం ఇది.

మహబూబ్‌నగర్ నుంచి లెక్కపెడితే

పైలట్ల సామాను గురించి రాసేవాళ్లంతా రిపోర్టింగ్ టైమ్, అంటే డ్యూటీకి హాజరయ్యే వేళ నుంచి లెక్క మొదలుపెడతారు. విమానాశ్రయం పక్కనే ఉండేవాళ్లకు అది సరే. మనవాళ్ల లెక్క పొయ్యి దగ్గర మొదలవ్వాలి.

పొద్దున 6:30కు విమానం. గంట ముందు, 5:30కు రిపోర్ట్ చేయాలి. మహబూబ్‌నగర్ నుంచి 44వ నంబర్ జాతీయ రహదారి మీద శంషాబాద్‌కు గంటన్నర. కాస్త ముందుగా 3:30కు బయలుదేరతాడు. వంట 3 గంటలకు అయిపోవాలి. మొదటి విమానం 8:30కు దిగుతుంది, అరగంటలో మళ్లీ లేవాలి, దిగిన విమానం ఖాళీ అయి నిండేలోపు కాగితాల పనే సరిపోతుంది. ఇద్దరిలో ఒకరు విమానం చూసుకుంటుంటే ఇంకొకరు తినాలి. రెండో విమానం గాల్లో నిలకడగా ఉన్నప్పుడు పదకొండింటికి డబ్బా తెరుస్తాడు. అప్పటికి వంటయి ఎనిమిది గంటలు. డ్యూటీలో గడిచింది ఐదున్నరే. నల్గొండ నుంచి వచ్చేవాళ్లకు దారే ఇంకాస్త ఎక్కువ. పొగమంచో, విమానాల రాకపోకలు నియంత్రించే ఏటీసీ దగ్గర ఆలస్యమో తోడైతే ఇంకో రెండు గంటలు.

ఆ తొలి ఎనిమిది గంటలకు పైన వేసిన లెక్క గుర్తు చేసుకోండి. రాత్రే వండి ఫ్రిజ్‌లో పెట్టిన తిండి, అరకిలో ఐస్ అయితే సరిగ్గా అంచున గట్టెక్కుతుంది. తెల్లవారుజామున వండిన వేడివేడి అన్నం గట్టెక్కదు. తాజాగా వండి పంపాలన్న తల్లి ప్రేమ, ఫ్రిజ్‌లో పెట్టిన రాత్రి అన్నం కంటే ఎక్కువ ప్రమాదం తెచ్చిపెడుతుందని మా అక్కకు నచ్చజెప్పడానికి నాకు నెల పట్టింది.

నిజానికి ఈ చిక్కును మన పెద్దలు ఐస్ లేని రోజుల్లోనే సగం విప్పారు. సద్దుల బతుకమ్మ నాడు చెరువుగట్టుకు ఏం తీసుకెళ్తాం? చింతపండు పులిహోర, పెరుగు సద్ది, నిమ్మకాయ సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది. పులుపు ఉన్నవి, నీరు తక్కువున్నవి. చింతపండు పులుపు, పెరుగు పులుపు చాలా సూక్ష్మజీవులకు గిట్టవు. జొన్నరొట్టె మీద తొక్కు వేసి చుట్టి పొలానికి పట్టుకుపోయింది కూడా ఇదే ఆలోచన. రొట్టెలో తడి తక్కువ, తొక్కులో ఉప్పు, నూనె, పులుపు. అలాగని పులిహోరకు అమరత్వం లేదు. కలిపే చేయి శుభ్రంగా లేకపోతే, ఉడికిన అన్నం కలిపే ముందు గంటల తరబడి ఉంటే పులుపు ఏమీ కాపాడదు. అయితే మాంసం కూర, పప్పన్నం ఎనిమిది గంటలు నిలపడానికి ఎంత ఐస్, ఎంత ఫోమ్ కావాలో, పులిహోరకు, రొట్టెకు అంత అక్కర్లేదు. ఏ కూలర్ అని అడిగే ముందు ఏం తింటావని అడగాల్సింది అందుకే.

వేడిగా తినాలనుకునేవాళ్ల దారి వేరు. గాలి తీసేసిన స్టీలు ఫ్లాస్కులో ముందు మరుగుతున్న నీళ్లు పోసి, పారబోసి, పొగలు కక్కే తిండి నింపితే కొన్ని గంటలు 60 డిగ్రీలకు పైన నిలుస్తుంది. ఎనిమిది గంటలంటే మాత్రం అనుమానమే.

కంపెనీ భోజనమా, ఇంటి సద్దా

ఇక్కడ రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది.

కంపెనీ భోజనం వైపు వాళ్లు చెప్పేది: క్యాటరింగ్ వంటశాలల్లో వండిన వెంటనే యంత్రాలతో చల్లబరుస్తారు, ఉష్ణోగ్రత రాసిపెడతారు, నమూనాలు దాస్తారు. ఇంటి వంటకు ఆ పద్ధతి లేదు. పైగా ఇద్దరు పైలట్లకు వేర్వేరు భోజనాలు పెట్టే నియమం చాలా ఎయిర్‌లైన్లలో ఉంది, ఒకరికి కడుపు చెడినా ఇంకొకరు బాగుంటారని.

ఆ నియమానికి బలం ఇచ్చిన కథ 1975 ఫిబ్రవరి 3 నాటిది. టోక్యో నుంచి అలాస్కాలోని యాంకరేజ్ మీదుగా యూరప్ వెళ్తున్న జపాన్ ఎయిర్‌లైన్స్ 747లో పొద్దుటి టిఫిన్‌గా హ్యామ్ ఆమ్లెట్లు పెట్టారు. 344 మంది ప్రయాణికుల్లో 196 మంది, ఒక సిబ్బంది అస్వస్థులయ్యారు. కోపెన్‌హాగెన్‌లో దిగేసరికి ఆసుపత్రులు నిండాయి. వంటశాలలో ఒకరి వేలికి పుండ్లున్నాయి, ఆ ఆహారం గంటల తరబడి చాలినంత చల్లదనం లేకుండా ఉంది. యాంకరేజ్‌లో ఎక్కిన పైలట్లు మాత్రం ఆమ్లెట్ తినలేదు. వాళ్ల ఒంటి గడియారానికి అది టిఫిన్ వేళ కాదు. అదృష్టం తప్ప ఇంకేం కాదు.

ఇంటి సద్ది వైపు వాళ్లు ఇదే కథను ఇంకోలా చదువుతారు. పెద్ద వంటశాలలో ఒక వేలు వందల పళ్లేలను చెడగొట్టింది, ఇంటి వంట చెడితే ఒక్కరికే అంటారు. ఇద్దరు పైలట్లు రెండిళ్ల నుంచి తెచ్చుకుంటే వేర్వేరు భోజనాల నియమం దానంతటదే తీరుతుంది. రోజూ అదే ఉప్మా, అదే శాండ్‌విచ్ తినలేక, బీపీ, షుగర్ మెడికల్ పరీక్షలో తేలితే లైసెన్సుకే ముప్పని ఇంటి తిండి పట్టుకొచ్చేవాళ్లూ తక్కువేం లేరు. నన్నడిగితే ఈ తగాదా వండిన చోటుది కాదు, వండాక గడిచిన గంటలది. చల్లగా ఉంచగలిగితే ఇంటిది బాగుంటుంది, ఉంచలేకపోతే కంపెనీదే నయం.

పైకెళ్లాక మూతలు ఎందుకు లేస్తాయి

విమానం 35 వేల అడుగుల్లో ఉన్నా లోపలి గాలి ఒత్తిడి సుమారు 8 వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టుంటుంది. నేల మీద ఒత్తిడిలో అది ముప్పావు వంతు. మూసిన డబ్బాలో మిగిలిన గాలి మూడో వంతు ఉబ్బాలని చూస్తుంది. చిప్స్ ప్యాకెట్ బెలూనయ్యేది అందుకే, పెరుగు డబ్బా మూత లేచి బ్యాగంతా పెరుగయ్యేదీ అందుకే. పూర్తిగా బిగించే డబ్బాలో తిండిని అంచుదాకా నింపి గాలి తగ్గిస్తే ఉబ్బడం తగ్గుతుంది. కడుపులోని గ్యాసూ ఇదే సూత్రం పాటిస్తుంది. శనగలు తిని, సోడా తాగి వచ్చిన పైలట్ పక్కన కూర్చోవడం ఎలా ఉంటుందో మావాడు నవ్వుతూ చెప్పాడు, ఇక్కడ రాయలేను.

ఒకే బ్యాగా, రెండా

చక్రాల పెట్టెను నిలువుగా లాక్కుపోయే ఆలోచనే ఒక పైలట్‌ది. రాబర్ట్ ప్లాత్ అనే నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పైలట్ 1987లో రెండు చక్రాలు, పొడవైన పిడి బిగించి, ముందు తోటి సిబ్బందికే అమ్మాడు. ప్రయాణికులు చూసి మాకూ కావాలన్నారు. ఇవాళ బస్టాండుల్లో లాగే పెట్టెల తాత అదే.

ఆ పెట్టె ముందు కొక్కేనికి కూలర్ తగిలించడం సిబ్బందిలో మామూలే. నిండు కూలర్ నాలుగు కిలోలుంటే, చేయి వదలగానే పెట్టె ముందుకు పడుతుంది. పిడికి తొడిగి పెట్టె పైన కూర్చోబెట్టే పట్టీ ఉంటే బరువు చక్రాల మీదికి వస్తుంది. నాలుగు చక్రాల పెట్టె నున్నటి నేల మీద హాయిగా నడుస్తుంది, సిబ్బందిని తీసుకెళ్లే బస్సు మలుపు తిరిగితే మాత్రం దానంతటదే ఎటో పోతుంది. రెండు చక్రాలది పోదు.

అన్నీ ఒకే బ్యాగులో పెట్టుకుంటే చేయి ఖాళీ, కానీ కారిన సాంబారు లైసెన్సు మీదికి వస్తుంది. రెండుగా పెట్టుకుంటే ఆ భయం లేదు, కానీ ఏదో ఒకటి ఎక్కడో మరిచిపోతారు. నాలుగు చిన్న విమానాలు నడిపి రాత్రికి ఇంటికొచ్చే పైలట్‌కు ఒకటి చాలు. మూడు రోజులు బయట తిరిగేవాళ్లకు రెండు తప్పవు. సాగర్ డ్యామ్ అవతలి ఒడ్డున చిన్న రన్‌వే మీద శిక్షణ తీసుకునే పిల్లలకైతే ఈ తర్జనభర్జన అక్కర్లేదు. గంట ఎగిరి దిగే వాళ్లకు హెడ్‌సెట్ పట్టే సంచి, రెండు సీసాల నీళ్లు ముఖ్యం.

సెక్యూరిటీ దగ్గర, సరిహద్దు దగ్గర

యూనిఫాం ఉన్నా పైలట్ కూడా తనిఖీ దాటాలి. ఐస్ ప్యాక్ గడ్డకట్టి ఉన్నంతసేపు గట్టి వస్తువు, కరిగితే ద్రవం. అమెరికాలో ప్రయాణికుల నియమం సరిగ్గా ఇదే, తనిఖీ వేళకు ప్యాక్ పూర్తిగా గడ్డకట్టి ఉంటే ఇబ్బంది లేదు, మెత్తబడితే 100 మిల్లీలీటర్ల పరిమితి వర్తిస్తుంది. సిబ్బందికి ఒక్కో దేశంలో ఒక్కో సడలింపు ఉంటుంది. తెల్లవారుజామున గట్టిగా ఉన్న ప్యాక్ తిరుగు ప్రయాణంలో నీళ్లయి ఉంటుందని చాలామంది అక్కడికి వెళ్లాకే గుర్తిస్తారు.

బ్యాటరీతో నడిచే చిన్న కూలర్లు, పవర్ బ్యాంకులు కొనేటప్పుడు వాట్ అవర్ లెక్క, అంటే బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చూడాలి. మిల్లీ ఆంపియర్ అంకెను 3.7తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే అది వస్తుంది. 20,000 ది అయితే 74, పరవాలేదు. 30,000 ది అయితే 111. విమానంలో 100 దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. డ్రై ఐస్‌కు మనిషికి రెండున్నర కిలోల పరిమితి ఉంది, అదీ అనుమతితోనే, గాలి పోయే ప్యాకింగ్‌లోనే. అది కరిగి నీళ్లవ్వదు, కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. చిన్న కాక్‌పిట్‌లో దాన్ని తెచ్చుకోవాలనుకునే పైలట్ ఉండడు.

విదేశాలకు వెళ్లేవాళ్లకు చివరి చిక్కు మిగిలిన తిండి. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో పండ్లు, మాంసం, విత్తనాలు చెప్పకుండా తీసుకురావడం నేరం, సిబ్బందికి కూడా. బ్యాగు అడుగున మరిచిపోయిన ఒక్క జామకాయ చాలు జరిమానాకు. మా అక్క ఇప్పుడు దేశంలో డ్యూటీ అయితే జామకాయలు, సీతాఫలాలు పెడుతుంది, బయటికైతే జొన్నరొట్టె, నువ్వుల పొడి, అదీ లెక్కపెట్టి. "మిగల్చకుండ తిని రా" అని డబ్బా చేతికిస్తుంది. మావాడు ఐస్ ప్యాక్ వేలితో నొక్కి చూసి, గట్టిగా ఉందని తేల్చుకొని, అప్పుడు జిప్పు మూస్తాడు.